వదిన కారు ఎడమ తలుపు పట్టీ

మా వారు మనుషుల పళ్ళు బాగుచేస్తూ నలభై ఒక్క సంవత్సరాలు గడిపారు. అందువల్ల లోకంలో కనిపించే ప్రతి గుంతా ఆయనకు నింపవలసిన గుంతే. ఈ సంగతి నేను సకాలంలో గ్రహించి ఉంటే, మా వదిన కారు తలుపు మీది స్టీలు పట్టీకి పడిన సొట్టను ఆయన చేతికి ఒంటరిగా అప్పగించి బయటికి వెళ్ళేదాన్ని కాను.

ఆ కారు వయసు యాభై మూడు. మీగడ రంగు. ముందు దీపం పక్కన మొదలై, తలుపుల మీదుగా వెనక దీపం దాకా, వేలెడు వెడల్పున మెరిసే పట్టీ ఒకటి సాగుతుంది. ఒక్కొక్క తలుపు మీద ఒక్కొక్క ముక్కగా ఉన్నా, దూరం నుంచి చూస్తే ఒకే గీతలా ఉంటుంది. మా వదిన, అంటే మా వారి అక్కగారు, పశువుల డాక్టరుగా పనిచేసినన్నాళ్ళూ ఆ కారులోనే తిరిగింది. ఒకసారి వెనక సీటులో దూడను పడుకోబెట్టి తెచ్చింది. ఆ దూడ నమిలిన సీటు అంచు ఇప్పటికీ అలాగే ఉంది. వదినకు ఇప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు. మాది పక్కిల్లే. ప్రతి బుధవారం నన్ను గ్రంథాలయానికి తీసుకువెళుతుంది. కనుక ఈ వ్యవహారంలో నేను నిష్పక్షపాతిని కానని ముందే మనవి చేస్తున్నాను.

వదినకు ఒక్కడే కొడుకు. ప్రమాదాల్లో దెబ్బతిన్న వాహనాలను పరిశీలించి, తప్పు ఎవరిదో రిపోర్టు రాయడం అతని ఉద్యోగం. ఇంట్లో అందరం అతన్ని సర్వేయరు అనే పిలుస్తాం. చెడ్డవాడు కాడు. తల్లంటే ప్రాణం. అయితే ప్రాణం పెట్టే కొడుకులకు ఒక జబ్బు ఉంటుంది: తల్లికి వినపడదేమోనని గొంతు పెంచుతారు, అర్థం కాదేమోనని మాటలు తగ్గిస్తారు. నాలుగు వందల పశువులకు పురుడు పోసిన మనిషితో, "అమ్మా, మందు. వేసుకున్నావా? మందు?" అని మాట్లాడటం నేను స్వయంగా విన్నాను.

రెండు నెలల క్రితం వదిన కారును వెనక్కి తీస్తూ గేటుకు తగిలించింది. ఆ విషయం ఎవరూ చూడకముందే తనే ఫోన్ చేసి కొడుక్కి చెప్పింది. నిజాయితీకి దక్కిన ఫలితం ఏమిటంటే, అతను వచ్చి షరతు పెట్టాడు.

"ఇంకొక్క గీత పడిందంటే తాళాలు నా చేతిలో పెట్టెయ్యాలి. మాటివ్వు."

"ఇస్తున్నాలేరా. ఎవరు కొత్త గీత పెడితే వాళ్ళ తాళాలు పోయినట్టే. చాలా?" అంది వదిన.

మొన్న ఒక ఆదివారం అతను అలవాటు ప్రకారం పదకొండింటికి వచ్చాడు. తల్లి కారు పక్కనే, షెడ్డులో ఉన్న కొద్దిపాటి చోటులో తన కారు నిలిపాడు. మేమూ అక్కడే భోంచేశాం. వెళ్ళేముందు తల్లి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేయడం అతనికి ఆనవాయితీ. ఎడమ వైపు ముందు తలుపు దగ్గర ఆగిపోయాడు. మెరిసే పట్టీ మీద నిలువుగా, బొటనవేలి గోరంత సొట్ట.

"అమ్మా, ఇదేమిటి?"

వదిన వంగి చూసింది. "నాకు తెలియదురా. నిన్న లేదు."

"గేటు స్తంభానికి రాసుకుని ఉంటుంది. ఎడమ పక్క నీకు కనపడదు."

"రాసుకుంటే నాకు తెలియదూ?"

"తెలియకపోవడమే కదమ్మా అసలు భయం."

ఆ వాక్యాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ వాక్యం ముందు నిలబడిన మనిషి ఏం చెప్పినా ఓడిపోతుంది. తెలుసు అంటే నేరం. తెలియదు అంటే జబ్బు. వచ్చే ఆదివారం బస్సులో వచ్చి కారు తీసుకుపోతానని అతను ముందు అన్నాడు. తరువాత ఆలోచించి, తన కారులోనే వచ్చి, తల్లి కారు నడిపించుకుపోవడానికి మెకానిక్కును వెంటబెట్టుకువస్తానన్నాడు. వదిన సరేనంది. మాట ఇచ్చిన మనిషి.

సోమవారం పొద్దున వదిన మా వంటింటి గుమ్మంలో నిలబడి తమ్ముడిని పిలిచింది.

"ఒరేయ్, పోయేది ఎలాగూ పోతుంది. సొట్టతో పోవడానికి వీల్లేదు. నా దగ్గరికి ఎలా వచ్చిందో అలాగే పంపిస్తాను. నీ దగ్గర సుత్తులూ అవీ ఉన్నాయిగా?"

"అవి పళ్ళకు వాడేవి అక్కా."

"నా గొడ్ల సుత్తులకంటే నయమేగా! నా పేషెంట్లు నన్ను తన్నేవి. నీ వాళ్ళు నోరు తెరుచుకుని పడి ఉండేవాళ్ళు. ఇదీ కదలదు, అరవదు. నీకు సరిపోయిన పేషెంటు."

మంగళవారం నేను పని మీద బయటికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి మా వారు షెడ్డులో చేతులు కట్టుకుని, ముఖం వెలిగిపోతూ నిలబడి ఉన్నారు. సొట్ట లేదు. దాని స్థానంలో బూడిద రంగు మచ్చ ఒకటి ఉంది. క్లినిక్కు మూసేసినప్పుడు పారేయడానికి మనసొప్పక అలమారులో దాచుకున్న సామగ్రిలోంచి, పంటి గుంతలు నింపే మిశ్రమాన్ని తీసి కలిపి, సొట్టలో కూరి, నున్నగా దిద్ది, అద్దంలా రుద్దారు. పనితనానికి వంక పెట్టలేను. పని అసలు అది కాదు, అంతే.

"ఎలా ఉంది?" అన్నారు.

"మీరు కారుకు పన్ను నింపారు."

"మరి? సొట్ట కనబడుతోందా?"

"అరగంట దాకా ఏమీ నమలొద్దని చెప్పారా దానికి?"

ఆయన నొచ్చుకున్నారు. నేను క్షమాపణ చెప్పలేదు కానీ, టీ పెట్టి ఇచ్చాను. యాభై ఏళ్ళ సంసారంలో రెండూ ఒకటే.

మర్నాడు బుధవారం. వదిన కారు తీసింది. నేను ఎడమ పక్క ఎక్కి తలుపు వేసుకున్నాను. టక్కుమని ఏదో రాలిన చప్పుడైంది. తలుపు తీసి చూస్తే నేల మీద మా వారి నింపుడు ముక్క, చెక్కుచెదరకుండా, పల్లీ గింజలో సగమంత.

"మీ ఆయన వైద్యం ఒక్క రోజు కూడా నిలవలేదేమే!" అని వదిన పగలబడి నవ్వింది. నేనూ నవ్వి, ఆ ముక్కను కళ్ళజోడు పెట్టెలో వేసుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. అచ్చులో రాలిపోయిన అక్షరాన్ని కూడా పారేయని అలవాటు.

రెండు వీధులు దాటాక వదిన నవ్వు ఆగిపోయింది.

"నిన్న సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. నేనే తగిలించి ఉంటానని చెప్పేశాను."

"తగిలించారా?"

"లేదు... ఏమోనే. మూడు రోజులుగా ప్రతి మలుపూ గుర్తు చేసుకుంటున్నాను. పాల కోసం వెళ్ళింది, ఆసుపత్రికి వెళ్ళింది, అన్నీ. గేటు దగ్గర ఏదో చప్పుడైనట్టు ఇప్పుడు అనిపిస్తోంది. ముందు అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తోంది. వాడు అంత గట్టిగా చెబుతుంటే, నాకు తలలో ఎంత వెతికినా దొరక్కపోతే, పోయిందనేగా అర్థం?"

ఈ మాటలు చెబుతూనే ఆవిడ ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇచ్చి, గుంత తప్పించి, సైకిలు మీద వెళుతున్న పిల్లకు హారన్ కొట్టకుండా ఆగి, మళ్ళీ బయలుదేరింది. నేను పక్కన కూర్చుని చూశాను. నాకు కోపం వచ్చింది. వదిన మీద కాదు. ఒక ముద్రణాలయంలో ముప్పై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దినదాన్ని. తప్పును ఎంత లావు అక్షరాలతో అచ్చువేసినా అది ఒప్పు కాదని నాకు తెలుసు. కానీ ఒప్పుగా ఉన్న మనిషి, ఆ లావు అక్షరాలు చూసి, తన చేతిరాతను తానే కొట్టేసుకోవడం ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

గ్రంథాలయంలో ఆ రోజు నేను నవలల వైపు వెళ్ళలేదు. రేకు పనుల మీద ఉన్న ఒక పాత పుస్తకం తీసుకుని, రెండు గంటలు కూర్చుని చదివాను. ఇంటికి వచ్చి మా వారికి చెప్పాను.

"పుచ్చిపోయిన పంటిలో కొంత భాగం నిజంగానే పోతుంది. అందుకే మీరు నింపుతారు. రేకుకు సొట్ట పడితే ఏదీ పోదు. ఉన్నదంతా అక్కడే ఉంటుంది, చోటు తప్పి ఉంటుంది. బయటినుంచి నింపడం కాదు, వెనకనుంచి మెల్లగా వెనక్కి పంపాలి."

ఆయన చూపుడువేలితో తన ముందు పన్ను నొక్కి చూసుకున్నారు. "అంటే ఇది వంకర పన్ను కేసు. ముందే చెప్పొద్దూ!"

"ముందే అడగొద్దూ?"

అప్పుడు ఆ రాలిన ముక్క గుర్తొచ్చి పెట్టెలోంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని పారేయబోయి ఆగిపోయారు. కంటికి భూతద్దం తగిలించుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి, అడుగువైపు తిప్పి చూశారు. సొట్టలో కూరిన మిశ్రమం సొట్ట లోపలి ఆకారాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంది. అచ్చు తీయడం ఆయన వృత్తి. ఈసారి తెలియకుండానే తీశారు.

"ఇది స్తంభం కాదోయ్," అన్నారు. "స్తంభం చదునుగా ఉంటుంది. ఇక్కడ చూడు, సన్నటి అంచు. కింద కాస్త గుండ్రంగా తిరిగింది. ఏదో రేకు అంచు వచ్చి పొడిచింది. పైగా ఇదిగో, ఈ మూల..."

నేను చూశాను. ఆవగింజలో నాలుగో వంతు, వంగపండు రంగు మరక.

సర్వేయరు కారు వంగపండు రంగు.

నేను టేపు తీసుకుని వదిన షెడ్డుకు వెళ్ళాను. సొట్ట నేలనుంచి రెండడుగుల నాలుగంగుళాల ఎత్తున ఉంది. వదిన కారు ముందు చక్రం మీది రేకు తలుపుకంటే నాలుగు వేళ్ళు బయటికి ఉబ్బి ఉంటుంది; స్తంభం తలుపును తాకాలంటే ముందు ఆ ఉబ్బును గీరి తీరాలి. ఉబ్బు మీద ఒక్క గీత లేదు. పట్టీ మీద పొడవుగా ఈడ్చిన జాడ లేదు. స్తంభం మీద సున్నం చెదరలేదు. వాహనాల దెబ్బలు చదవడం ఉద్యోగంగా ఉన్న మనిషి వీటిలో ఒక్కటి కూడా చదవలేదు. ఎందుకు చదువుతాడు? తప్పు ఎవరిదో అతనికి ముందే తెలుసు కదా!

గురువారం పొద్దున మా భోజనాల బల్ల మీద నేను పదకొండు అంశాలతో ఒక నివేదిక రాసి వదిన ముందు పెట్టాను. ఆవిడ మొదటి నుంచి చివరి దాకా చదివింది. వంగపండు రంగు మరక గురించిన పదకొండో అంశం దగ్గర చాలాసేపు ఆగింది.

"మీరు తగిలించలేదు వదినా. మీ తలలో దొరక్కపోవడానికి కారణం, అది అక్కడ ఎప్పుడూ లేదు."

ఆవిడ చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. తరువాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"ఇది వాడికి చూపించకు."

"ఎందుకు చూపించకూడదు?"

"ఒక మరకా, ఒక కొలతా పెట్టుకుని, నువ్వే కొట్టావురా, నీకు తెలియలేదు అంటామా? వాడు నా మీద చేసిన పని అదేగా. అదే పని తిరిగి వాడి మీద చేస్తే ఇక నాకూ వాడికీ తేడా ఏముందే? నా కొడుకు నీ ప్రూఫు కాదు, ఎర్ర సిరా పెట్టి దిద్దడానికి."

"మరి కారు ఇచ్చేస్తారా?"

"ఆదివారం రానీ. కళ్ళతో చూసిందే లెక్క. ఈలోపు నా పట్టీ సంగతి చూడండి ఇద్దరూ."

నేను కలానికి మూత పెట్టాను. నా వయసులో సరైన మాట విని ఒప్పుకోవడం అంత సులభం కాదు.

పట్టీ విప్పడానికే గంట పట్టింది. పల్చటి చెక్క చీలికకు గుడ్డ చుట్టి, పట్టీ వెనక దూర్చి, లోపల పట్టుకుని ఉన్న క్లిప్పులను ఒకటొకటిగా వదిలించారు మా వారు. మొత్తం ఐదు. ప్రతి క్లిప్పుకూ "కొంచెం నొప్పిగా ఉంటుంది, ఓర్చుకో" అన్నారు. పాత మంచం కోడు ముక్క ఒకటి తెచ్చి, పట్టీ ముఖం సరిగ్గా ఒదిగేలా దానిలో గాడి చెక్కారు. పట్టీని అందులో బోర్లా పెట్టి, వెనకవైపు నుంచి, మొన గుండ్రంగా ఉన్న ఉక్కు పనిముట్టును ఆనించి, చిన్న సుత్తితో తట్టడం మొదలుపెట్టారు. సొట్ట మధ్యలో కాదు. అంచుల దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి. పట్టీ రెండు చివరలూ వదిన పట్టుకుంది. దూడ తలను పట్టుకున్న చేతులు; ఆ చేతుల్లో పట్టీ వెంట్రుకవాసి కూడా కదలలేదు.

"కాస్త గట్టిగా కొట్టరా. నిద్రపుచ్చుతున్నావా?"

"గట్టిగా కొడితే రేకు సాగుతుంది అక్కా. ఒకసారి సాగిందంటే మళ్ళీ తన చోటులో పట్టదు."

"ఈ జ్ఞానం మంగళవారం ఎక్కడికి పోయింది?" అన్నాను నేను.

"మంగళవారం నీ మరదలు ఇంట్లో లేదక్కా, జ్ఞానం కూడా ఆవిడతోనే వెళ్ళింది."

పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడటానికి రోగుల చేత కొరికించే నీలి కాగితం ఆయన దగ్గర ఇంకా ఉంది. దాన్ని పట్టీ ముఖం మీద రుద్ది నీలం అంటించి, సన్నటి ఆకురాయిని ఒక్కసారి తేలిగ్గా లాగేవారు. ఎత్తుగా ఉన్నచోట నీలం పోయేది, పల్లంగా ఉన్నచోట మిగిలేది. మిగిలిన చోటును నేను వేలితో చూపించేదాన్ని. తప్పులు చూపించడం నా వృత్తి. మళ్ళీ బోర్లా, మళ్ళీ నాలుగు దెబ్బలు, మళ్ళీ నీలం. గురువారం సాయంత్రానికి గోరంత నీలం కందిగింజంత అయింది. శుక్రవారం మధ్యాహ్నానికి ఆవగింజంత అయి, ఇక లేదు. శనివారమంతా గరుకు కాగితాలు: ముందు గరుకుది, తరువాత నునుపుది, ఆ తరువాత ఇంకా నునుపుది, నీళ్ళలో తడుపుతూ, ఎప్పుడూ పొడవు వెంబడే. చివరికి పళ్ళకు మెరుగుపెట్టే చిన్న యంత్రంతో, అదే పేస్టుతో రుద్దారు. షెడ్డంతా పుదీనా వాసన.

పట్టీని తిరిగి బిగించాక వదిన వంగి అందులో తన ముఖం చూసుకుంది. వేలితో ఈ చివరనుంచి ఆ చివరికి నిమిరింది. ఎక్కడా ఆగలేదు.

"ఒరేయ్ తమ్ముడూ," అంది. తమ్ముడి భుజం తట్టింది. ఆయన ఆకురాయిని తుడిచిందే తుడుస్తూ నిలబడ్డారు.

ఆదివారం పదకొండింటికి పది నిమిషాలుండగా నేను వదిన కారులో, ఎడమ పక్క సీటులో కూర్చున్నాను. ఒళ్ళో ఒక నిఘంటువు. మా ఇంట్లో రెండున్నాయి. ఇది రెండోది, నేను లెక్కపెట్టినవే రెండు వందల పన్నెండు అచ్చుతప్పులున్నది. అద్దం దించి, దాన్ని రెండు చేతులతో కిటికీ బయటికి జారవిడిచి, బాగుచేసిన చోటుకు అడ్డంగా, కొత్త పట్టీకి గీత పడకుండా మెత్తటి తువ్వాలు మీద ఆనించి పట్టుకున్నాను. ఇది అభియోగం కాదు, రక్షణ మాత్రమే. వదిన ఒప్పుకుంది.

వంగపండు రంగు కారు వచ్చి, అలవాటైన చోటులో, అలవాటైనంత దగ్గరగా ఆగింది. సర్వేయరు ఒక్కడే దిగబోతున్నాడు; మెకానిక్కు రాలేదు.

"ఏంటత్తయ్యా, కార్లో కూర్చున్నారు?" అని నా ముఖం చూస్తూ, అలవాటైనట్టే తలుపు తోశాడు.

దభీమంది. నా మణికట్టు దాకా అదిరింది.

అతను కిందికి చూశాడు. తన తలుపు అంచు నిఘంటువు అట్టలో దిగబడి ఉంది. మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. అట్ట మీద నిలువుగా, బొటనవేలి గోరంత గాటు.

మా వారు దగ్గరికి వచ్చారు. జేబులోంచి ఆ రాలిన ముక్క తీసి, ఆ గాటులో పెట్టారు. కట్టుడు పన్ను చిగుట్లో కూర్చున్నట్టు కూర్చుంది.

అతను వృత్తిలో అసమర్థుడు కాడని అప్పుడు తెలిసింది. కిందికి వంగి, ముక్కను తీసి తిప్పి చూశాడు. తన తలుపు అంచు చూసుకున్నాడు. అక్కడ చిటికెడు రంగు లేచిపోయి ఉంది. జేబులోంచి టేపు తీసి నేలనుంచి కొలిచాడు. రెండడుగుల నాలుగంగుళాలు. టేపును వదిలేశాడు. అది చర్రున చుట్టుకుపోయింది.

"అమ్మా. ఇది నేను." తలెత్తి చూసి, "మరి నువ్వే తగిలించానని ఫోన్ ఎందుకు చేశావు?"

"నువ్వు చెబితే నమ్మానురా," అంది వదిన. "నీ మాట కదా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే అతనికి కొంత తేలికయ్యేది. తల్లి చెయ్యి పట్టుకుని నిలబడిపోయాడు. ఈసారి గొంతు పెంచలేదు, మాటలు తగ్గించలేదు, మాటలే లేవు. కొంతసేపటికి మా వారు పట్టీ చూపించి, సొట్ట ఎక్కడుండేదో కనిపెట్టమన్నారు. అతను ఎంత వెతికినా కనిపెట్టలేకపోయాడు. మా వారి ఆనందానికి అవధి లేదు.

"సరే కానీ," అని వదిన అరచెయ్యి చాచింది. "తాళాలు."

"నీ తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా అమ్మా."

"నావి కాదు. ఎవరు కొత్త గీత పెడితే వాళ్ళవి అన్నాను. మర్చిపోయావా? పాపం, మర్చిపోవడమే కదా అసలు భయం."

సర్వేయరు నా వైపు చూశాడు. నేను నిఘంటువు తెరిచి చదువుకుంటున్నాను. తాళాలు ఇచ్చాడు. వదిన వంగపండు రంగు కారులో ఎక్కి, దాన్ని వెనక్కి తీసి, గేటు స్తంభాలకు అటూ ఇటూ నాలుగేసి వేళ్ళ ఎడంతో బయటికి నడిపి, గోడ పక్కన నిలిపింది. అతను రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని చూశాడు. ఒక్క గీత పడలేదు.

సాయంత్రం అతన్ని ఇంటిదగ్గర దింపింది మీగడ రంగు కారులోనే. నేను వెనక, దూడ నమిలిన సీటులో కూర్చున్నాను. అతని ఇంటి ముందు, పక్కనే ఎవరిదో స్కూటరు నిలిపి ఉంది. అతను తలుపు జానెడు తెరిచి, అరచేతిని అంచుకు అడ్డం పెట్టుకుని, ఒళ్ళు కుదించుకుని, ఒక కాలు, తరువాత ఒక కాలు బయటపెట్టి దిగాడు.

"నిదానంగా నాయనా," అంది వదిన. "తొందరేం లేదు."